మా తాత బొమ్మలాట వీడియో పెడితే మాకే కాపీరైట్ నోటీసు వచ్చింది

తెరవెనుక_మనవడు
మాది అనంతపురం వైపు తోలుబొమ్మలాట ఆడిన కుటుంబం. ఇప్పుడు ఇంట్లో ఆట లేదు, నేను బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటున్నాను. 1996లో ఒక సంస్థవారు మా ఊరికి వచ్చి, తాత మేళం చేత సుందరకాండ ఆడించి వీడియో తీసుకున్నారు. ఏ సంస్థో ఇక్కడ రాయను, ఇప్పటికే ఉన్న గొడవ చాలు. తాత 2003లో పోయారు. ఆ వీడియోను వాళ్లు 2019లో తమ యూట్యూబ్ చానెల్‌లో పెట్టారు. పోయిన నెల తాత వర్ధంతికి, హనుమంతుడు లంకలో దిగే ఘట్టం ఒక్కటి కత్తిరించి మా ఇంటిపేరుతో ఉన్న చిన్న చానెల్‌లో పెట్టాను. వారం తిరగకుండానే దాన్ని తీసేశారు. కాపీరైట్ ఉల్లంఘన అట, నా చానెల్ మీద స్ట్రైకు, అంటే తప్పు చేశానని ఒక గుర్తు.

గొంతు మా తాతది. బొమ్మలు తాత చెక్కి రంగులు వేసినవి, ఇప్పటికీ మా అటక మీద ఉన్నాయి. మద్దెల పెదనాన్న, వంతపాట నాయనమ్మ. వీడియో చివర దర్శకుడు, పర్యవేక్షకుడు, కెమెరా, ఎడిటింగు, రవాణా ఏర్పాట్లు, అందరి పేర్లూ ఉన్నాయి. మావాళ్ల దగ్గరికి వచ్చేసరికి "జానపద కళాకారులు" అని రెండు ముక్కలు. ఇంతకీ ఇక్కడ దొంగ ఎవరు?

సందేహాల_సంచి
ఆడింది మీవాళ్లు, హక్కు మీదే. ఇందులో ఆలోచించడానికి ఏముంది? కోర్టుకు వెళ్లండి.

బంగారక్క
రవాణా ఏర్పాట్లకు కూడా పేరు వేశారా! జీపు నడిపినవాడు అదృష్టవంతుడు.

గుంటూరు_ప్లీడరు
సంచి గారూ, అంత తొందర వద్దు. వినడానికి కష్టంగా ఉన్నా, మొదటి మెట్టు దగ్గర చట్టం మనవడి వైపు లేదు.

1957 కాపీరైట్ చట్టంలో వీడియోకు కర్త నిర్మాత. అంటే చొరవ తీసుకుని, బాధ్యత నెత్తిన వేసుకుని తీయించినవారు. తెర వెనుక ఆడినవారు కారు, కెమెరా పట్టినవారూ కారు. ఆ హక్కు వీడియో ప్రచురితమైన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లు. ప్రజలకు అందుబాటులో పెట్టడం కూడా ప్రచురణే, ఇంటర్నెట్ అయినా సరే. ఇక్కడే అసలు విడ్డూరం. ఆ టేపు 1996 నుంచి బీరువాలోనే ఉండి, ఎక్కడా ప్రదర్శించకుండా 2019లో మొదటిసారి బయటికి వచ్చి ఉంటే, లెక్క అప్పుడే మొదలవుతుంది. 2079 చివరి దాకా హక్కు వాళ్లదే. దాచిపెట్టిన కొద్దీ హక్కు ముగిసే ఏడాది ఇంకా దూరం జరుగుతుంది.

ఆడినవారికి మన చట్టంలో హక్కులంటూ వచ్చింది 1994 సవరణతో, అమలు 1995 మే నుంచి. మీ తాతగారి ఆట 1996ది కాబట్టి అంచు దాటి లోపలికి వచ్చింది. మొదట 25 ఏళ్లు అన్నారు, 1999 సవరణలో 50 చేశారు. ఆ లెక్కన 2046 దాకా. అయితే అప్పటి చట్టంలో ఒక మెలిక ఉంది. తన ప్రదర్శనను సినిమాలో (చట్టానికి వీడియో కూడా సినిమానే) చేర్చడానికి కళాకారుడు ఒకసారి ఒప్పుకుంటే ఆ హక్కులు ఇక దానికి వర్తించవు. ఒప్పుకోలు రాతలో ఉండాలని కూడా అనలేదు. కెమెరా ముందు కూర్చుని రాత్రంతా ఆడారంటే ఒప్పుకున్నట్టే అని వాదిస్తారు. 2012లో ఇది మారింది. ఇప్పుడు రాతపూర్వక ఒప్పందం కావాలి, వాణిజ్యంగా వాడుకుంటే రాయల్టీలో వాటా ఇవ్వాలి, "నా పేరు వేయండి" అని అడిగే హక్కూ ఉంది.

మీ ఇంట్లో ఏదైనా కాగితం ఉందా? సంతకం, వేలిముద్ర, రసీదు, ఏదైనా?

బంగారక్క
ఆ చట్టంలో ప్రదర్శకుడు అంటే ఎవరో ఇప్పుడే చూశాను. నటుడు, గాయకుడు, వాద్యకారుడు, నర్తకుడు, గడసాము చేసేవాడు, గారడీవాడు, పాములవాడు, ఆఖరికి ఉపన్యాసం ఇచ్చేవాడు కూడా ఉన్నాడు. బొమ్మలాడించేవాడు లేడు. పామును పట్టుకుంటే గుర్తుపట్టారు, రాముణ్ణి పట్టుకుంటే గుర్తుపట్టలేదు!

గుంటూరు_ప్లీడరు
చివర "ప్రదర్శన ఇచ్చే మరే వ్యక్తి అయినా" అని ఉంది అక్కా. అందులోకి వస్తారు.

బంగారక్క
మరే వ్యక్తి. సరే, వీడియోలో వేసిన పేరు కంటే ఇదే కాస్త గౌరవంగా ఉంది.

రాజంపేట_కుర్రాడు
ముప్పై సెకన్ల లోపు అయితే ఏమీ కాదట కదా? నా స్నేహితుడు చెప్పాడు.

గుంటూరు_ప్లీడరు
అలాంటి నియమం ఎక్కడా లేదు. ఈ మాట ఎవరు పుట్టించారో గానీ ఊరూరా తిరుగుతోంది. సొంత అధ్యయనానికి, విమర్శకు, వార్తకు వాడుకుంటే మినహాయింపు ఉంది. వర్ధంతికి అందరూ చూసేలా పెట్టడం వాటిలో దేని కిందికీ సులభంగా రాదు.

టేపుల_గది
నేను పనిచేసేది ఇలాంటి ఒక భాండాగారంలోనే (మీరు చెప్పే సంస్థ కాదు). అందరూ ఒక పక్కకే ఒరుగుతున్నారు కాబట్టి రెండో పక్క చెబుతాను, తిట్టేవాళ్లు తిట్టండి.

1996లో తీసిన టేపు 2019 దాకా బతికి ఉండటమే ఒక పని. అయస్కాంత పూత తేమకు బూజు పడుతుంది, పొర ఊడి వస్తుంది. ఆ రకం టేపులు ఆడించే యంత్రాలు తయారు కావడం ఎప్పుడో ఆగిపోయింది. పాత యంత్రాలు కొని, ఒకదాని భాగాలు ఇంకొకదానికి వేసి నడుపుతున్నాం. రెండు గంటల టేపును కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి రెండు గంటలూ దగ్గర కూర్చోవాలి. ఆ రోజుల్లో వాళ్లు రాకపోయి ఉంటే మనవడి దగ్గర ఈ రోజు గొడవ పడటానికి కూడా ఏమీ ఉండేది కాదు.

ఇక వీడియోలు తీసివేయించడం. మా దగ్గరి రికార్డింగుల మీద ప్రకటనలు పెట్టుకుని సంపాదించే చానెళ్లు కోకొల్లలు. భక్తి పేరుతో ఒకరు, నోస్టాల్జియా పేరుతో ఒకరు. అందుకే అన్నింటినీ ఒకే గాటన కట్టి తీసివేత అర్జీలు పంపుతారు. అవతల ఉన్నది ఆడినవాడి మనవడని అర్జీ పంపే గుమాస్తాకు తెలియదు.

తెరవెనుక_మనవడు
టేపుల గది గారూ, టేపు బతికించారు, కాదనను. కానీ తాత బతికి ఉండగా ఒక్క ప్రతి ఇవ్వండి అని రెండు మూడు ఉత్తరాలు రాయించారు. జవాబు లేదు. ఆయన తన ఆట తాను ఎప్పుడూ చూసుకోలేదు, తెర వెనుక ఉండేవాడికి అది కనబడదు కదా. ఒక క్యాసెట్టు ఇవ్వడానికి ఏ చట్టం అడ్డం వచ్చింది?

టేపుల_గది
ఏ చట్టమూ కాదు. బద్ధకం, భయం. ఆ మాట నేనూ ఒప్పుకుంటాను.

శ్రుతిపెట్టె
నా గోడు కూడా కలపనివ్వండి. నేను సంగీతం టీచరుని. మా పిల్లలు పాడిన అన్నమయ్య కీర్తన పెడితే ఒక మ్యూజిక్ కంపెనీ పేరుతో క్లెయిము వచ్చింది. అన్నమయ్య 1503లో పోయాడు! పాడింది మా పిల్లలు, శ్రుతిపెట్టె నాది, తంబూరా మా పక్కింటావిడది.

గుంటూరు_ప్లీడరు
సాహిత్యం అందరిదీ. వరస ఎవరిది?

శ్రుతిపెట్టె
అదే చెప్పబోతున్నాను. తిరుమలలో దొరికిన రాగిరేకుల మీద చాలా కీర్తనలకు రాగం పేరు ఉంది గానీ స్వరం లేదు. ఇప్పుడు మనం పాడే వరసలు చాలావరకు ఇరవయ్యో శతాబ్దంలో కట్టినవి. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు 1979లో పోయారు, నేదునూరి కృష్ణమూర్తి గారు 2014లో. స్వరకర్త పోయాక 60 ఏళ్లు అంటే నేదునూరి గారి రేవతి "నానాటి బదుకు" వరస 2074 చివరి దాకా రక్షణలో ఉన్నట్టే. దానికి నేను తల వంచుతాను, ఆయన కష్టం అది. నా కోపం వేరే. కంపెనీ క్లెయిము చేసింది వరసను కాదు, "మా రికార్డింగు" అని! పాడిన గొంతులు వేరైనా యంత్రం రాగం పోలిక పట్టి తగిలించింది. నేను అభ్యంతరం పెట్టాను, వాళ్లు 30 రోజులు పలకలేదు, క్లెయిము దానంతట అదే పోయింది. ఆ లోపు ప్రకటనల చిల్లర ఎటు పోయిందో ఆ వేంకటేశుడికే తెలియాలి.

గుంటూరు_ప్లీడరు
మంచి ఉదాహరణ, అయితే మనవడిది వేరు. మీకు వచ్చింది క్లెయిము, అది యంత్రం పని. ఆయనకు వచ్చింది స్ట్రైకు, అంటే మనిషి అర్జీ పెడితే వీడియో తీసేశారు. ప్రతివాదన పంపవచ్చు. అది పంపితే అవతలివాళ్లు 10 పని దినాల్లో దావా వేసినట్టు చూపాలి, లేకపోతే వీడియో తిరిగి వస్తుంది. కానీ అందులో "దీన్ని పొరపాటున తీసేశారని నిజాయితీగా నమ్ముతున్నాను" అని ప్రమాణం చేయాలి. వీడియో హక్కు మీదని నేను చెప్పలేను కాబట్టి ఆ దారి వద్దు. యూట్యూబ్ పెట్టే కాపీరైట్ పాఠం పూర్తి చేస్తే స్ట్రైకు 90 రోజులకు పోతుంది. అంతకంటే అర్జీని వెనక్కి తీసుకోమని సంస్థనే అడగడం నయం.

పుస్తకాల_పురుగు
నాకు ఈ చర్చ మొత్తం మీదే అభ్యంతరం. తోలుబొమ్మల వాళ్లు పాడే ద్విపద చాలావరకు రంగనాథ రామాయణం. పదమూడో శతాబ్దపు గోన బుద్ధారెడ్డి ఎవరిని రాయల్టీ అడిగాడు? కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు ఏ ఇంటి ఆస్తి? ఒక మేళం హాస్యం ఇంకో మేళం ఎత్తుకుని, దానికి తమ ఊరి మాట చేర్చి ఆడబట్టే అది ఇన్నాళ్లు నిలిచింది. హక్కుల కంచె వేస్తే కళ ఎండిపోతుంది. సంస్థా కంచె వేయకూడదు, మనవడూ వేయకూడదు.

బంగారక్క
నేను ఎవరి ఆస్తీ కాదు, ధన్యవాదాలు.

తెరవెనుక_మనవడు
పురుగు గారూ, కంచె నేను వేయలేదు. నేను దాని మీద పడి గీరుకున్నాను. రామాయణం మాది అని ఏ రోజూ అనలేదు. మా పొలం పక్క మేళం వాళ్లు మా తాత జోకులు వాడుకునేవారు, ఆయన వాళ్లవి వాడుకునేవాడు, జాతరలో కలిస్తే ఒకరినొకరు తిట్టుకుని కలిసి భోజనం చేసేవారు. ఆ ఏర్పాటులో కెమెరా లేదు, కాగితం లేదు. బయటినుంచి వచ్చినవాళ్ల దగ్గర రెండూ ఉన్నాయి. అందరిదీ అన్నది చివరికి వాళ్ల ఒక్కళ్లది అయింది.

సందేహాల_సంచి
ఇది బాగా చెప్పారు.

తెరవెనుక_మనవడు
ప్లీడరు గారూ, కాగితం దొరికింది. నాయనమ్మ ట్రంకుపెట్టెలో బియ్యం కార్డు వెనుక. "సుందరకాండ తోలుబొమ్మలాట ప్రదర్శన నిమిత్తం రూ. 1,800 ముట్టినవి" అని టైపు చేసి ఉంది, కింద తాత వేలిముద్ర, రెవిన్యూ స్టాంపు. అంతే. హక్కులు, కాలం, దేశం, ఏదీ లేదు.

గుంటూరు_ప్లీడరు
ఇది రసీదు, హక్కుల బదిలీ కాదు. కాపీరైట్ బదిలీ రాతలోనే ఉండాలి, ఏ కృతి అన్నది చెప్పాలి. కాలం రాయకపోతే 5 ఏళ్లు అని, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అని చట్టం అనుకుంటుంది. ఈ కాగితంలో బదిలీ అన్న ఊసే లేదు.

వీడియో విషయంలో వాళ్లకు బదిలీ అక్కర్లేదు, ముందే చెప్పాను. కానీ ఇంత సేపూ మనం బొమ్మలను మర్చిపోయాం. బొమ్మలు తాతగారే చెక్కి రంగులు వేశారన్నారు. అవి కళాకృతులు. వాటి మీద కాపీరైట్ ఆయనది, ఆయన తర్వాత వారసులది, 2063 చివరి దాకా. సినిమాలో కళాకృతి వెనుక ఎక్కడో కనబడితే మినహాయింపు ఉంది, కానీ ఇక్కడ ఆ బొమ్మలే వీడియో. 1996లో తీయడానికి ఒప్పుకున్నారు సరే, ఇరవై మూడేళ్ల తర్వాత ప్రపంచమంతటా చూపించడానికి ఒప్పుకున్నారా అన్నది అడగదగిన ప్రశ్న. గెలుస్తారని హామీ ఇవ్వను. లేఖ రాసేటప్పుడు మాత్రం ఖాళీ చేతులతో లేరు.

పుస్తకాల_పురుగు
హనుమంతుడి బొమ్మ ఆకారం వందల ఏళ్లుగా వస్తున్నది. అందులో ఒక మనిషి సొంతం ఏముంది?

తెరవెనుక_మనవడు
మా తాత హనుమంతుడి తోక మూడు చుట్లు తిరిగి కిరీటం దాకా వస్తుంది, చివర చిన్న గంట. పక్క తాలూకా వాళ్ల హనుమంతుడి తోక భుజం దాటదు. నగల దగ్గర తాత వేసే చిల్లుల వరస చూసి ఇది ఫలానా ఇంటిది అని చెప్పేవాళ్లు ఇంకా ఇద్దరు ముగ్గురు ఉన్నారు.

గుంటూరు_ప్లీడరు
చట్టానికి ఆ తోక చాలు. ఎంతో గొప్ప కొత్తదనం అక్కర్లేదు, కొద్దిపాటి సృజన ఉంటే చాలని సుప్రీంకోర్టు 2007లో ఈస్టర్న్ బుక్ కంపెనీ కేసులో అంది. రక్షణ కూడా ఆ కొద్దిపాటి సొంత భాగానికే. హనుమంతుడు అందరివాడే, ఆ గంట మాత్రం మీ తాతది.

పెడన_అచ్చు
బొమ్మలకు జీఐ, అంటే ఫలానా ప్రాంతపు సరుకని ఇచ్చే భౌగోళిక గుర్తింపు, ఉంది కదా, దానితో ఏమీ చేయలేరా? ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు 2008లోనే వచ్చిందని గుర్తు.

గుంటూరు_ప్లీడరు
ఉంది. కానీ జీఐ చట్టం రక్షించేది సరుకును, ఆ సరుకు పేరును. తోలు మీద చేసిన బొమ్మ, లాంప్ షేడు, గోడకు వేలాడదీసే పటం, ఇవి అమ్మేటప్పుడు ఆ పేరు వాడే హక్కు. రాత్రంతా ఆడే ఆట సరుకు కాదు కాబట్టి దానికి వర్తించదు.

తెరవెనుక_మనవడు
అంటే లాంప్ షేడుకు రక్షణ ఉంది, సుందరకాండకు లేదు.

గుంటూరు_ప్లీడరు
మీరు కోపంగా అన్నారు గానీ, విషయం అంతే.

పెడన_అచ్చు
సరుకుకు రక్షణ ఉంటే మాత్రం ఏం ఒరిగింది? మాది అచ్చు కలంకారీ. చెక్క దిమ్మ చెక్కించడానికి రోజులు, కరక్కాయ నీళ్లు, పటిక, ఉడకబెట్టడం, కాలువ నీళ్లలో ఉతకడం. మచిలీపట్నం కలంకారీ పేరుకు జీఐ ఉంది. బయట ఊళ్లలో అదే నమూనాను ఫోనుతో ఫొటో తీసి, డిజిటల్ ప్రింటు కొట్టి, మీటరు మా ధరలో నాలుగో వంతుకు అమ్ముతున్నారు. దుకాణంలో బోర్డు "కలంకారీ ప్రింటు". ఊరి పేరు రాయలేదు కాబట్టి పట్టుకోవడం కష్టం. తప్పుగా వాడినవాడికి ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలని చట్టంలో ఉందట, మా వీధిలో ఎవరూ దాని వల్ల ఒక్కడు జైలుకు వెళ్లడం చూడలేదు. నమూనా మీద కాపీరైట్ అడుగుదామా అంటే, డిజైన్ల చట్టం కింద నమోదు చేయకుండా యంత్రాల మీద 50 కంటే ఎక్కువ అచ్చు వేస్తే అదీ పోతుందని చెప్పారు. దిమ్మ పెట్టి చేత్తో అద్దేది అందులోకి వస్తుందా రాదా అని అడిగితే ఒక్కొక్కరు ఒక్కొక్కటి చెప్పారు. నేను పదహారు రోజులు వస్త్రం ఉతుక్కోవాలా, చెన్నై జీఐ కార్యాలయం చుట్టూ తిరగాలా?

నిర్వాహకుడు
కలంకారీ గురించి వేరే చర్చ మొదలుపెట్టండి, అక్కడ మీకు ఎక్కువ జవాబులు వస్తాయి. ఇక్కడ బొమ్మలాటకే ఉందాం.

పెడన_అచ్చు
ఎక్కడికి వెళ్లినా పక్కకు జరగమనేవారే.

డల్లాస్_బాబాయి
మా తెలుగు సంఘం ఉగాదికి పిల్లలకు తోలుబొమ్మలాట చూపిద్దామని సరిగ్గా ఇలాంటి వీడియో ఒకటి ఎంచుకున్నాం. పెద్ద తెర మీద ఇరవై నిమిషాలు. ఎవరిని అడగాలి? సంస్థనా, కళాకారులనా? డబ్బు ఇవ్వడానికి సిద్ధం, ఎవరికి ఇవ్వాలో చెప్పేవాడు లేడు.

టేపుల_గది
చట్టం కోసం సంస్థను అడగండి. మర్యాద కోసం కుటుంబాన్ని అడగండి. నిజానికి రెండూ ఒకే ఉత్తరంలో పెట్టండి, సంస్థకు రాసి కుటుంబానికి ప్రతి పంపితే అవతల కొంచెం ఒళ్లు దగ్గర పెట్టుకుని జవాబు రాస్తారు.

తెరవెనుక_మనవడు
బాబాయి గారూ, మా పెదనాన్న కొడుకు ఇంకా ఆడగలడు. హిందూపురం దగ్గర ఆటో నడుపుతున్నాడు. వీడియో కాల్‌లో దీపం పెట్టి ఆడమంటే ఆడతాడు. ఆ ఇరవై నిమిషాల డబ్బు వాడికి ఇవ్వండి.

డల్లాస్_బాబాయి
ఇది మాకు తోచనే లేదు. నంబరు వ్యక్తిగత సందేశంలో పంపండి. మా దగ్గర ఉదయం అయితే అక్కడ రాత్రి, బొమ్మలాటకు సరిపోయింది.

రాజంపేట_కుర్రాడు
ఇండోనేషియాలో నీడబొమ్మలాటను యునెస్కో గుర్తించింది. మనదీ ఆ జాబితాలో చేరితే ఈ సమస్య పోతుంది కదా?

టేపుల_గది
పోదు. 2003 యునెస్కో ఒప్పందం మేధోహక్కుల జోలికి పోదని అందులోనే రాసుకున్నారు. జాబితాలో చేరితే గౌరవం, పత్రికలో ఫొటో, కొంత నిధి. హక్కు ఎవరిదన్నది అక్కడ తేలదు. ఇండోనేషియా 2014 కాపీరైట్ చట్టం మాత్రం ఇలాంటి సంప్రదాయ కళల హక్కు ప్రభుత్వం చేతిలో పెట్టింది.

బంగారక్క
ప్రభుత్వం చేతిలోనా! అప్పుడు క్యాసెట్టు కోసం మూడు ఉత్తరాలు చాలవు.

పుస్తకాల_పురుగు
ప్రపంచ మేధోసంపత్తి సంస్థ 2000 నుంచి ఈ పని మీద ఒక కమిటీ నడుపుతోంది. 2024 మేలో జన్యు వనరులు, వాటితో ముడిపడ్డ సంప్రదాయ జ్ఞానం మీద ఒక ఒప్పందం వచ్చింది. పాట, ఆట, బొమ్మ దాని పరిధిలో లేవు. పసుపు మీద అమెరికా పేటెంటును 1997లో మనవాళ్లు రద్దు చేయించారు, పసుపు గాయానికి వాడతారని పాత గ్రంథం చూపిస్తే సరిపోయింది. పాటకు అలా కుదరదు. పాతదని రుజువు చేస్తే పేటెంటు పడిపోతుంది, అదే పాతదని రుజువు చేస్తే పాట ఎవడైనా ఎత్తుకోవచ్చు. కంచెలు వద్దన్నది నేనే అయినా, ఈ తేడా నాకూ మింగుడు పడటం లేదు.

గుంటూరు_ప్లీడరు
పురుగు గారు మెత్తబడుతున్నారు.

పుస్తకాల_పురుగు
మెత్తబడలేదు. ఆలోచిస్తున్నాను.

టేపుల_గది
సంస్థలన్నీ ఒకే రకం కావని చెప్పడానికి ఒక్కటి. ఆర్నల్డ్ బాకే అనే డచ్చి పండితుడు 1930ల చివర దక్షిణ భారతంలో తిరిగి పాటలు, ఆటలు రికార్డు చేశాడు. 1984లో నజీర్ జైరాజ్‌భాయ్, ఏమీ కాట్లిన్ ఆ రికార్డింగులు పట్టుకుని అవే ప్రాంతాలకు మళ్లీ వెళ్లి, పాడినవాళ్ల తరం వారికి వినిపించారు. దానికి ఏ చట్టమూ వాళ్లను బలవంతం చేయలేదు. ఇప్పుడు కొత్తగా రికార్డు చేసేటప్పుడు మేము ఒకే పేజీ తెలుగు కాగితం మీద సంతకం తీసుకుంటున్నాం, చదవలేనివారికి చదివి వినిపించి, అది కూడా రికార్డు చేస్తాం. ఒక ప్రతి కుటుంబానికి అదే వారం. బయటివారు అడిగితే కుటుంబాన్ని అడిగాకే ఇవ్వడం. పాత టేపుల దగ్గరే మా పీక మీదికి వస్తుంది. పెట్టె మీద "బుర్రకథ, ప్రకాశం జిల్లా" అని ఉంటుంది, అంతే. ఎవరిని వెతకాలి?

శ్రుతిపెట్టె
మా నాన్నగారి హరికథ 1991లో రికార్డు చేశారు. ప్లీడరు గారి లెక్క ప్రకారం ఆయనకు ప్రదర్శకుడిగా ఏ హక్కూ లేనట్టేనా?

గుంటూరు_ప్లీడరు
ప్రదర్శకుడిగా లేదు, 1995కు ముందుది. కథ ఆయన సొంతంగా రాసుకుని ఉంటే రచయితగా ఉంది. ఆ రాతప్రతి ఇంట్లో ఉంటే జాగ్రత్త చేయండి, పాత కాగితాలవాడికి వేయకండి.

మనవడు గారూ, అది ప్రభుత్వ సంస్థ గానీ, ప్రభుత్వ నిధులతో నడిచేది గానీ అయితే సమాచార హక్కు కింద అడగండి. కేంద్ర సంస్థ అయితే 10 రూపాయల రుసుము, 30 రోజుల గడువు. 1996 రికార్డింగుకు సంబంధించిన ఒప్పంద పత్రం ప్రతి ఇవ్వండి అని ఒక్క వాక్యం. ఉంటే చూద్దాం, లేదని రాసి ఇస్తే అది ఇంకా మేలు. దాంతో పాటు మామూలు లేఖ: కళాకారుల పేర్లు వేయండి, అర్జీ వెనక్కి తీసుకోండి, కుటుంబానికి మంచి నాణ్యత గల ప్రతి ఇవ్వండి. బొమ్మల హక్కు సంగతి ఆఖరి పేరాలో, బెదిరింపుగా కాకుండా గుర్తు చేసినట్టు.

సందేహాల_సంచి
కోర్టుకు మాత్రం వెళ్లరా?

గుంటూరు_ప్లీడరు
నాకు ఫీజు వస్తుంది, ఆయనకు వాయిదాలు వస్తాయి.

తెరవెనుక_మనవడు
నెల దాటింది, సంగతి చెప్పాలి. సమాచార హక్కు జవాబు వచ్చింది: "సదరు ఒప్పంద పత్రము ఈ కార్యాలయ రికార్డులలో లభ్యము కాలేదు." లేఖకు కూడా జవాబు వచ్చింది, ఈసారి ఒక మనిషి ఫోను చేసి మరీ మాట్లాడారు. అర్జీ వెనక్కి తీసుకున్నారు, స్ట్రైకు పోయింది. పేర్లు వేస్తామన్నారు. ప్రతి ఇస్తామన్నారు, కానీ "చట్టబద్ధ వారసులందరూ" సంతకాలు పెట్టాలట.

అక్కడ పడింది ముడి. తాతకు మా నాన్న, పెదనాన్న, ఇద్దరు అత్తలు. పెద్దత్త బళ్లారిలో, ఇరవై ఏళ్లుగా రాకపోకలు లేవు. పెదనాన్న ఇప్పుడు, మద్దెల నాది, డబ్బు ఎంత ఇస్తారో తేల్చండి, అంటున్నారు. తాళాలు వేసినాయన మా కుటుంబం కాదు, మడకశిర వైపు మనిషి, ఆయన పిల్లలు ఎక్కడున్నారో తెలియదు.

గుంటూరు_ప్లీడరు
వాళ్లు అన్నింటినీ ఒక మూట కట్టారు, విప్పండి. పేర్లు వేయడానికి ఎవరి సంతకమూ అక్కర్లేదు, అది ముందు చేయించండి, తాళాలాయన పేరుతో సహా. చూసుకోవడానికి ఒక ప్రతి ఇవ్వడానికి కూడా వారసులందరూ ఎందుకు? సంతకాల అవసరం మీరు వాళ్లకు ఏదైనా హక్కు రాసి ఇస్తున్నప్పుడే. ఆ ఫారంలో అలాంటిది ఏదో ఉండి ఉంటుంది. బొమ్మలకు వారసులు తాతగారి పిల్లలు. మద్దెలకు పెదనాన్న తానే, ఆయన తరఫున ఇంకెవరూ సంతకం పెట్టకూడదు.

బంగారక్క
పెదనాన్న అడిగింది తప్పేమీ కాదు. మద్దెల ఎండబెట్టి, సరిచేసి, రాత్రంతా వాయించినవాడు ఎంత అని అడగకూడదా?

తెరవెనుక_మనవడు
తప్పని నేను అనలేదు అక్కా. ఆయన అడిగేది నన్ను, సంస్థను కాదు. అదీ చిక్కు.

ఫారం చూశాను. ఇంగ్లీషులో తొమ్మిది పేజీలు. ఆదివారం బళ్లారి అత్తకు ఫోను చేయాలి, ఆవిడకు తెలుగు, కన్నడం తప్ప రావు. ఎవరైనా దీన్ని తెలుగులో చెప్పి పెట్టగలరా?

టేపుల_గది
వ్యక్తిగత సందేశంలో పంపండి, రేపటికి తెలుగు చేస్తాను. మా సంస్థ వాడే ఒక పేజీ నమూనా కూడా జత చేస్తాను, దాన్నే వాడమని అడిగి చూడండి. వాళ్ల ఫారంలో "శాశ్వతంగా, ప్రపంచవ్యాప్తంగా, అన్ని మాధ్యమాలలో" అని ఎక్కడైనా ఉంటే ఆ పేరా కొట్టేసే దాకా అత్తకు ఫోను చేయకండి.